కొండల్లో ట్రెకింగ్‌కు పరగడుపున బయల్దేరొచ్చా?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. బరువు తగ్గాలని రోజూ ఉదయం పరగడుపునే గంటసేపు వేగంగా నడుస్తాను. ఇబ్బందేమీ లేదు. పోయిన ఏడాది ట్రెకింగ్‌లో 3,500 మీటర్ల ఎత్తులో కూడా అలాగే ఏమీ తినకుండా బయల్దేరాను. రెండు గంటలకే కాళ్లు లాగేశాయి, కళ్లు తిరిగాయి. షూ లేసు కట్టుకుందామంటే వేళ్లు వణికాయి. వచ్చే నెల 4,000 మీటర్లకు వెళ్తున్నాం. తింటే కొవ్వు కరగదని టెన్షన్. ఏం చేయాలి?
- ఒక పాఠకురాలు

జవాబు: తినే బయల్దేరండి. ఈ విషయంలో నాకు ఏ సందేహమూ లేదు.

కింద, మైదానంలో మీరు చేస్తున్నది తప్పు కాదు. రాత్రంతా తినకపోతే ఇన్సులిన్ తక్కువగా ఉంటుంది. నిల్వ కొవ్వు కరిగి రక్తంలోకి వస్తుంది, మామూలు నడకలో కండరాలు దాన్నే ఎక్కువగా వాడుకుంటాయి. తిన్నాక నడిస్తే ఇన్సులిన్ ఆ కొవ్వుకు కళ్లెం వేస్తుంది, గ్లూకోజ్ ఎక్కువ ఖర్చవుతుంది. ఇంతవరకు మీరు విన్నది నిజమే.

పైకి వెళ్లేసరికి కరవయ్యేది ఆక్సిజన్. గాలిలో దాని వాటా అక్కడా 21 శాతమే. కానీ 3,500 మీటర్ల దగ్గర గాలి పీడనం సముద్రమట్టంలో ఉన్నదానిలో మూడింట రెండు వంతులే. ఒక లీటరు ఆక్సిజన్‌తో గ్లూకోజ్‌ను మండిస్తే సుమారు 5 కిలోకేలరీల శక్తి వస్తుంది, కొవ్వునైతే 4.7. కింద ఈ తేడాను ఎవరూ పట్టించుకోనక్కర్లేదు. ఊపిరి అందని చోట మాత్రం ఆ కాస్తా ముఖ్యమే.

అంతకన్నా పెద్ద సంగతి ఇంకొకటి ఉంది. సుమారు 1,500 మీటర్లు దాటాక ప్రతి 100 మీటర్లకూ మన గరిష్ఠ సామర్థ్యం దాదాపు ఒక శాతం చొప్పున తగ్గుతుంది. కింద కబుర్లు చెప్పుకుంటూ నడిచే వేగమే అక్కడ ఒంటికి కష్టమైన వ్యాయామం అవుతుంది. శ్రమ పెరిగేకొద్దీ కండరాలు పిండిపదార్థాల వైపు, అంటే వాటి నుంచి వచ్చే గ్లూకోజ్ వైపు మొగ్గుతాయి. ఆ నిల్వేమో కండరాల్లో, కాలేయంలో కలిపి అర కిలో అటూఇటూ, అంతే. అందులో కాలేయంలోది రాత్రికి రాత్రే బాగా తరిగిపోతుంది. మీ వేళ్లు వణకడానికి కారణం రక్తంలో చక్కెర పడిపోవడం కావచ్చు. కళ్లు తిరగడం ఎత్తు పడకపోవడం వల్ల కూడా వస్తుంది. కూర్చుని ఏదైనా తీపి తిన్న పావుగంటకో, ఇరవై నిమిషాలకో తేరుకుంటే చాలావరకు ఆకలి దెబ్బే. తలనొప్పి, వికారం అలాగే ఉంటే ఎత్తు వల్లేనని అనుకోవాలి.

బరువు సంగతి. నడిచే ఆ గంటలో ఎంత కొవ్వు కరిగిందన్నది బరువును తేల్చదు, రోజులకొద్దీ తిన్నదానికీ ఖర్చయినదానికీ ఉన్న తేడా తేలుస్తుంది. ఎత్తులో ఎలాగూ ఆకలి చచ్చిపోతుంది, బరువు దానంతటదే తగ్గుతుంది. అయితే కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది. అది మీరు కోరుకునేది కాదు కదా.

కాబట్టి నడకకు రెండు, మూడు గంటల ముందు నూనె, కొవ్వు తక్కువగా, పిండిపదార్థాలు ఎక్కువగా ఉన్న భోజనం చేయండి. కొవ్వు ఎక్కువైతే త్వరగా అరగదు, వికారం పెరుగుతుంది. తెల్లవారకముందే బయల్దేరాల్సి వస్తే కొద్దిగానైనా తినండి. కొందరికి నడకకు అరగంట ముందు తీపి తింటే మొదట్లో నీరసం వస్తుంది. మీకూ అలా అయితే నడక మొదలుపెడుతూనే తినండి. దారిలో గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థాలు కొద్దికొద్దిగా తీసుకోండి. ఎత్తుకు చేరిన తొలిరోజుల్లో తాగిన గ్లూకోజ్‌ను శరీరం కిందలాగా వాడుకోలేదు, అందుకని ఒకేసారి కుక్కొద్దు. తినేవి బ్యాగు అడుగున కాకుండా జాకెట్ లోపలి జేబులో పెట్టుకోండి. గ్లవ్స్ తీసి జిప్పు లాగే ఓపిక లేకే చాలామంది తినడం మానేస్తారు, పైగా చలికి అవి రాయిలా గట్టిపడతాయి. ఈ నెలలోనే ఒకటి రెండు పొడవాటి నడకల్లో ఇలా తిని చూసుకోండి.

షుగర్‌కు ఇన్సులిన్ గానీ మాత్రలు గానీ వాడుతుంటే ముందే మీ డాక్టర్‌ను కలవాలి. 3,000 మీటర్లు దాటాక నేడు పడుకున్న చోటికన్నా రేపు పడుకునే చోటు 500 మీటర్లకు మించి ఎత్తులో ఉండకూడదు. కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, నడక తూలినా, మాట తడబడినా అది తిండితో తగ్గేది కాదు. తెల్లవారేదాకా ఆగకుండా, ఎవరినైనా తోడు తీసుకుని వెంటనే కిందికి దిగండి.