టర్బో బిగించిన పాత కారు: ఆ క్లచ్‌ను ఎంచుకున్నది ఎవరు?

ప్రశ్న: నాది 2004 మోడల్ ఎస్టీమ్ పెట్రోలు కారు, ఏపీ 36 నంబరు. నిరుడు ఇంజిన్‌కు టర్బో (గాలిని ఎక్కువగా లోపలికి నెట్టి శక్తి పెంచే పరికరం) పెట్టించాను. ఆ తర్వాత క్లచ్ జారడం మొదలైంది. హనుమకొండలోని ఒక గ్యారేజీవాళ్లు ‘దీనికి హెవీ డ్యూటీ క్లచ్ కావాలి’ అని తామే తెప్పించి, 34 వేల రూపాయలు తీసుకుని వేశారు. రెండు నెలలు తిరగకుండానే ఫాతిమానగర్ వంతెన ఎక్కేటప్పుడు ఇంజిన్ అరుస్తోంది తప్ప కారు వేగం అందుకోవడం లేదు. అడిగితే ‘మీరు నడిపే తీరు వల్లే పోయింది, గ్యారంటీ లేదని బిల్లు మీదే ఉంది’ అంటున్నారు. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చా? టర్బో సంగతి బయటపడితే నాకే చిక్కా? (ఒక పాఠకుడు, కాజీపేట)

జవాబు: వెళ్లవచ్చు. మీ కేసు బలమంతా ఒక్క విషయం మీద ఆధారపడి ఉంది: ఆ క్లచ్‌ను ఎంచుకున్నది ఎవరు? ‘ఫలానా కంపెనీ క్లచ్ వేయండి’ అని మీరే పేరు చెప్పి అడిగి ఉంటే, అది మీ ఇంజిన్‌కు సరిపోలేదన్న వాదన బాగా బలహీనపడుతుంది. అలా కాక, టర్బో ఉందని చెప్పి ఎంపికను వాళ్ల నైపుణ్యానికే వదిలేసి ఉంటే, వస్తువు ఆ అవసరానికి సరిపడాలన్న షరతు అమ్మకంలోనే ఇమిడి ఉంటుంది. 1930 నాటి వస్తు విక్రయ చట్టం 16వ సెక్షన్ చెప్పేది ఇదే. మీరు రాసినదాన్ని బట్టి మీది రెండో కోవకే చెందుతుంది. టర్బో గురించి వాళ్లతో నడిచిన వాట్సాప్ సంభాషణ ఉంటే ఒక్క మెసేజీ కూడా చెరిపేయకండి. దాన్ని సాక్ష్యంగా పెట్టేటప్పుడు 2023 భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జతచేయాలి.

క్లచ్ ఎంత టార్క్ (ఇంజిన్ తిప్పే బలం) మోయగలదన్నది ప్రధానంగా ప్రెషర్ ప్లేటు నొక్కే బలం, క్లచ్ ప్లేటు వ్యాసం, దాని మీది రాపిడి పొర అయిన ఫేసింగ్‌కు ఉన్న పట్టు నిర్ణయిస్తాయి. టర్బో వేశాక మధ్య ఆర్‌పీఎంలలోనే టార్క్ ఒక్కసారిగా పెరుగుతుంది. పాత ప్రెషర్ ప్లేటును అలాగే ఉంచి కేవలం గట్టి ఫేసింగ్ ఉన్న ప్లేటు మార్చి ‘హెవీ డ్యూటీ’ అని బిల్లు రాశారేమో చూడండి. బూస్ట్ (టర్బో గాలిని నెట్టే ఒత్తిడి) ఎంత పెట్టారో కూడా అడగకుండా క్లచ్ తెప్పించి ఉంటే, నా దృష్టిలో అదే సేవా లోపం.

ఇక ‘మీ డ్రైవింగ్’ అన్న మాట. దానికి జవాబు గేరుబాక్స్ దించితేనే దొరుకుతుంది. అందుకే ఆ పని అదే గ్యారేజీ చేతిలో పెట్టకండి. ముందు లిఖితపూర్వకంగా నోటీసు ఇచ్చి, వాళ్లను కూడా రమ్మని చెప్పి, వేరే అనుభవజ్ఞుడైన మెకానిక్ దగ్గర వీడియో తీస్తూ విప్పించండి. ప్లేటు మీద ఆయిల్ తడి ఉంటే ఇంజిన్ వెనుక సీలు కారుతోందేమో చూడాలి. అది ముందునుంచే కారుతుంటే, అంతా విప్పినప్పుడు గమనించి మార్చాల్సిన బాధ్యత పని చేసినవాళ్లదే. ఫ్లైవీలు (క్లచ్ ప్లేటు ఆనే ఇంజిన్ చక్రం) ముఖం మీద పాత గీతలు అలాగే ఉంటే దాన్ని మెషీనింగ్ చేసి నునుపు చేయకుండానే కొత్త ప్లేటు బిగించారని అర్థం. ఆయిల్ జాడ లేకుండా ఫేసింగ్ మొత్తం కాలి, ఫ్లైవీలు నీలం రంగుకు తిరిగి ఉంటే మాత్రం జాగ్రత్త: సామర్థ్యం సరిపోని క్లచ్ జారినా ఆ మచ్చలు వస్తాయి, పెడల్ మీద కాలు ఆనించి నడిపినా వస్తాయి. అవతలి వకీలు రెండోదే పట్టుకుంటాడు. అప్పుడు నిపుణుడి నివేదిక కావాలి. పరీక్షకు పంపమని కమిషన్‌నే కోరవచ్చు. తీసిన భాగాలన్నీ మీ దగ్గరే భద్రంగా ఉంచుకోండి, తుక్కు కింద అమ్మేయకండి.

బిల్లు మీద ముద్రించిన ‘గ్యారంటీ లేదు’ గురించి బెంగ వద్దు. పని అయ్యాక చేతికిచ్చిన కాగితంలోని వాక్యం, పనికి ముందు మీరు ఒప్పుకున్న షరతు అయిపోదు.

ఫిర్యాదుకు గడువు రెండేళ్లు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు. వస్తువుకో సేవకో చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు ఉంటే రుసుము లేదు. అంతకంటే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915లో నమోదు చేయండి, చాలా తగాదాలు అక్కడే తేలిపోతాయి.

మీ రెండో భయం నిజమైనదే, దాచిపెట్టి ప్రయోజనం లేదు. క్లచ్ మార్చుకోవడం తప్పు కాదు. అది ఆర్సీలో నమోదయ్యే వివరం కాదు, వాహనం మౌలిక స్వరూపాన్ని మార్చదు. టర్బో వేరు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ కేసులో దీన్ని గట్టిగానే చెప్పింది. అనుమతి లేని మార్పుకు 182ఎ(4) సెక్షన్ కింద యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

అయినా ఫిర్యాదులో టర్బో మాట దాచకండి. అఫిడవిట్‌లో నిజం దాచి తర్వాత బయటపడితే కేసూ పోతుంది, మీ మాటకు విలువా పోతుంది. పైగా టర్బో ఉందని చెప్పకపోతే, దానికి తగిన క్లచ్ ఇవ్వలేదన్న మీ వాదనకే పునాది ఉండదు. చట్టవిరుద్ధమైన మార్పు చేసుకున్నారని ఎదుటివాళ్లు అంటారు. క్లచ్ పని, దానికి తీసుకున్న డబ్బు విడి లావాదేవీ అన్నది మన వాదన. కమిషన్ దాన్ని పూర్తిగా ఒప్పుకుంటుందని నేను హామీ ఇవ్వలేను. అందుకే 34 వేలు, విప్పించిన ఖర్చు, ఓ మోస్తరు పరిహారం వరకే అడగమని నా సలహా.

ఈలోగా బీమా పాలసీ తీసి చూడండి. టర్బో సంగతి సంస్థకు చెప్పకపోతే, రేపు ప్రమాదంలో మీ కారుకు జరిగిన నష్టానికి క్లెయిమ్ నిరాకరించవచ్చు. పదిహేనేళ్లు దాటిన బండికి అయిదేళ్లకోసారి ఆర్సీ రెన్యువల్ ఉంటుంది, అప్పుడు తనిఖీ అధికారి బానెట్ ఎత్తుతారు. టర్బో తీసేయించి ఇంజిన్‌ను కంపెనీ స్థితికి తెచ్చుకుంటే మామూలు క్లచ్చే సరిపోతుంది. కానీ నోటీసు పంపి, క్లచ్ విప్పించి, వీడియో భద్రపరిచాకే ఆ పనికి దిగండి.