రాత్రి పదకొండైనా జాకెట్ల పని తెమలట్లేదంటే

పని ఎక్కువై కాదండీ, ఎవరు ఏ తేదీ అడిగితే ఆ తేదీకే సరేననడం వల్లే ఇలా అవుతోంది.

1. మీరూ, హెల్పరూ కలిసి రోజుకి ఎన్ని కుట్టగలరో, లైనింగువి వేరుగా, ఆర్డర్ బుక్కులో ముందే రాసుకోండి. అది నిండితే తర్వాతి తేదీ ఇవ్వడమే.

2. అందరూ వదిలేసేది ఆల్టరేషన్లు. చంక దగ్గర పట్టేసింది, హుక్కు ఊడిందంటూ వచ్చేవి ఏ లెక్కలోనూ ఉండవు, కానీ సాయంత్రమంతా వాటికే పోతుంది. రోజూ నాలుగు నుంచి ఐదు వాటికే ఉంచి, ఆ గంటలో కొత్త గుడ్డ కత్తిరించకండి.

3. వాట్సాప్ డిజైన్లు రోజుకి రెండుసార్లు చూస్తే చాలు.

మన విజయనగరంలో దసరా అయ్యాక వచ్చే మంగళవారమే పైడితల్లి అమ్మవారి జాతర, సిరిమానోత్సవం కాబట్టి పండగతో రద్దీ తగ్గదు, ముందు వారం నుంచే కొత్తవి ఆపేయండి, ఎవరు మొహం మాడ్చుకున్నా సరే.