వరద సహాయం కోసం క్లాసిక్ రాక్ ట్రిబ్యూట్ కచేరీ: పాటల కన్నా ముందు ఖాతా

"మా ఊళ్ళో నాలుగు బ్యాండ్లు కలిసి వరద బాధితుల కోసం పాత రాక్ పాటల కచేరీ పెట్టాలనుకుంటున్నాం. ఏ పాటలు ఎంచుకుంటే జనం వస్తారు?" అని అడిగారు. పాటల సంగతికి చివర్లో వస్తాను. వచ్చిన డబ్బు ఎవరి ఖాతాలో పడుతుంది, అక్కడి నుంచి ఎవరికి వెళ్తుంది అన్నది మొదటి టికెట్ అమ్మక ముందే తేలాలి. ఇలాంటి కచేరీలు వేదిక మీద దెబ్బతినేది తక్కువ, లెక్కల దగ్గర దెబ్బతినేదే ఎక్కువ.

దీనికి ఉదాహరణ ఈ తరహా కచేరీలకు దారి చూపిన 'కన్సర్ట్ ఫర్ బంగ్లాదేశ్'. 1970 నవంబరులో భోలా తుఫాను తూర్పు పాకిస్తాన్‌ను (ఇప్పటి బంగ్లాదేశ్) ముంచెత్తింది. మరుసటి ఏడు యుద్ధం, లక్షల మంది శరణార్థులు. సితార్ విద్వాంసుడు రవిశంకర్ అడగ్గానే బీటిల్స్ గిటారిస్టు జార్జ్ హారిసన్ రంగంలోకి దిగాడు. కొద్ది వారాల్లోనే 1971 ఆగస్టు 1న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఒకటి, రెండు కచేరీలు జరిగాయి. రెండిటికీ కలిపి దాదాపు 40 వేల మంది వచ్చారు. రవిశంకర్, అలీ అక్బర్ ఖాన్, అల్లా రఖా వేదిక మీద శ్రుతి చేసుకుంటుంటే, అదే కచేరీ అనుకుని జనం చప్పట్లు కొట్టారు. శ్రుతే ఇంత నచ్చితే అసలు వాద్యం ఇంకా నచ్చుతుందని ఆశిస్తున్నానని రవిశంకర్ అన్నాడు. గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ ఆరోగ్యం బాగాలేక వాయించగలడో లేదో తెలియని పరిస్థితి. అందుకని జెస్సీ ఎడ్ డేవిస్ అనే గిటారిస్టును ముందే సిద్ధం చేసుకున్నారు. చివరికి ఇద్దరూ వాయించారు. మీరూ ప్రతి బ్యాండ్‌కీ ఒక అదనపు గిటారిస్టును, ఒక అదనపు డ్రమ్మర్‌ను పాటలు నేర్పి ఉంచుకోండి. వరదల తర్వాతి వారాల్లో జ్వరాలు సహజం.

గేటు దగ్గర వచ్చిన 2,43,418.50 డాలర్లు త్వరగానే యూనిసెఫ్‌కు చేరాయి. చిక్కంతా ఆ తర్వాత వచ్చిన రికార్డు, సినిమా డబ్బుతోనే. పన్ను మినహాయింపు ముందుగా ఏర్పాటు చేసుకోకపోవడంతో అమెరికా ఆదాయపు పన్ను శాఖతో వ్యవహారం సాగి సాగి, లక్షల డాలర్లు ఏళ్ళ తరబడి ఇరుక్కుపోయాయి. అంతమంది హేమాహేమీలు ఉండి కూడా ఆకలితో ఉన్నవాళ్ళ డబ్బు ఆగిపోయింది. అందుకే ఖాతా గురించి ఇంత పట్టుబడుతున్నాను.

మన దగ్గర రెండు దారులున్నాయి. మొదటిది ముఖ్యమంత్రి సహాయ నిధి. రెండోది 80జి గుర్తింపు (విరాళం ఇచ్చినవాళ్ళకు ఆదాయపు పన్నులో తగ్గింపు తెచ్చేది) ఉన్న ట్రస్టు లేదా సొసైటీ. రెండోదైతే ముందే వాళ్ళ నుంచి ఒక ఉత్తరం తీసుకోండి: ఈ కచేరీ డబ్బు ఫలానా పనికే ఖర్చు పెడతామని, ఫలానా తేదీలోగా లెక్క చెప్తామని. టికెట్ సైట్‌లో సెటిల్‌మెంట్ ఖాతాగా (అమ్మకం డబ్బు జమయ్యే ఖాతా) నేరుగా ఆ సంస్థ ఖాతానే ఇవ్వండి. బ్యాండ్‌లో ఎవరో ఒకరి సొంత ఖాతా ఇస్తే ఆ మొత్తం అతని ఆదాయంలా కనిపిస్తుంది, నోటీసు వస్తే సమాధానం చెప్పుకోవాల్సింది అతనే. స్నేహాలు చెడేది కూడా ఇక్కడే.

టికెట్ కొన్నవాళ్ళు 80జి రశీదు అడుగుతారు. ఇవ్వకూడదు. టికెట్ డబ్బు కచేరీ చూసినందుకు ఇచ్చిన ధర, అది విరాళం కాదు. విరాళానికి వేరే క్యూఆర్, వేరే రశీదు పుస్తకం పెట్టండి. నగదు విరాళం 2,000 దాటితే ఇచ్చినవాళ్ళకు 80జి వర్తించదు కాబట్టి పెద్ద మొత్తాలు యూపీఐలోనో చెక్కుగానో తీసుకోండి.

అమెరికాలో ఉన్న మనవాళ్ళు పంపుతామంటారు. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు తమ సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్ళు పంపితే మాత్రం, ఓసీఐ కార్డు ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) నమోదు ఉన్న సంస్థకే, ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలో ఉన్న దాని ఎఫ్‌సీఆర్‌ఏ ఖాతాకే అది వెళ్ళాలి. మా బావ డబ్బులేగా అని మామూలు ఖాతాలో వేయించుకుంటే మీకు సాయం చేస్తున్న సంస్థకే ముప్పు తెచ్చినవాళ్ళవుతారు.

టికెట్ ధర 499 దగ్గర ఆపండి. తలకు 500 దాటకపోతే సంగీత కచేరీ ప్రవేశ రుసుముకు జీఎస్టీ మినహాయింపు ఉంది, దాటితే మొత్తం మీద పన్ను పడుతుంది. 400 సీట్ల హాలు నిండితే 1,99,600 వస్తుంది. హాలు, సౌండు, జెనరేటర్, లైసెన్సుల ఖర్చును టికెట్ల అమ్మకం మొదలుపెట్టే ముందే దుకాణదారులు, కాలేజీ పాత విద్యార్థుల సంఘం లాంటి దాతల దగ్గర రాబట్టండి. అప్పుడే టికెట్ డబ్బంతా బాధితులకు అని పోస్టర్ మీద ధైర్యంగా వేయగలరు. సంగీతకారులు ఉచితంగా వాయించవచ్చు, అది వాళ్ళ ఇష్టం. సౌండ్ ఇంజినీరును, లైట్ల కుర్రాళ్ళను, స్పీకర్లు మోసేవాళ్ళను మాత్రం సేవ పేరుతో ఉచితంగా రమ్మనకండి. ఆ రోజు కూలీ పోతే వాళ్ళ ఇంట్లో కూడా ఇబ్బందే.

పాసుల గురించి ఒక మాట. పోలీస్ స్టేషన్ నుంచి పది, కార్పొరేటర్ గారికి పది, హాలు యజమానికి ఇరవై అంటూ 40 పాసులు పోతే దాదాపు 20 వేలు పోయినట్టే. వరద సాయం కచేరీకి పాసు అడగడం సిగ్గుచేటని నా అభిప్రాయం. ఒక్క పాసు కూడా లేదని పోస్టర్ మీదే వేయండి. అలాగే శాలువాలు, మెమెంటోలు, జ్యోతి ప్రజ్వలన, అతిథుల ప్రసంగాలు. ఇవి ముప్పావు గంట తినేస్తాయి, రాత్రి పదికి మైకు కట్టేయాల్సి వచ్చినప్పుడు ఆ ముప్పావు గంట ఆఖరి బ్యాండ్ నెత్తిన పడుతుంది. శాలువాల డబ్బుతో ఒక కుటుంబానికి గ్యాస్ స్టవ్ వస్తుంది.

ఇక లైసెన్సు. వేరేవాళ్ళు కట్టిన పాటను జనం ముందు వాయిస్తే ఐపీఆర్‌ఎస్ (పాటల రచయితలు, స్వరకర్తల హక్కుల సంస్థ) లైసెన్సు తీసుకోవాలి. సేవా కార్యక్రమం కదా, మినహాయింపు ఉంటుందని చాలామంది అనుకుంటారు. కాపీరైట్ చట్టం సెక్షన్ 52లో అమెచ్యూర్ క్లబ్బులకు ఉన్న మినహాయింపు రెండు సందర్భాలకే: ప్రేక్షకులు డబ్బు కట్టకపోతే, లేదా మత సంస్థ మేలు కోసం చేస్తే. టికెట్ పెట్టిన వరద సహాయ కచేరీ రెండిట్లోనూ ఇమడదు. బ్యాండ్ల మధ్య విరామంలో రికార్డు పాటలు వేస్తే వాటి సౌండ్ రికార్డింగ్ హక్కులకు పీపీఎల్ (రికార్డు కంపెనీల తరఫు సంస్థ) లాంటి వాళ్ళ లైసెన్సు వేరే. విరామంలో స్థానిక డప్పు కళాకారులను ఆడించండి, ఆ ఖర్చు తప్పుతుంది, కచేరీకి మన ఊరి కళ వస్తుంది. లైవ్ స్ట్రీమ్ పెట్టుకోవద్దు. కవర్ పాటలను యూట్యూబ్ గుర్తుపట్టి స్ట్రీమ్ ఆపేస్తే, కింద పెట్టిన విరాళం లింకు కూడా దానితోపాటే పోతుంది.

ఆరుబయట అయితే రాత్రి 10 దాటాక లౌడ్ స్పీకర్ కుదరదు. మూసి ఉన్న ఆడిటోరియానికి ఆ నిబంధనలో వెసులుబాటు ఉంది. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద మండలం, మైదానం ఎంచుకునే ముందే అది చూసుకోండి.

సమయం లెక్క చూడండి. నాలుగు బ్యాండ్లు, ఒక్కొక్కరికి 40 నిమిషాలు, అంటే 160. మధ్యలో ఒక బ్యాండ్ దిగి ఇంకోటి ఎక్కే మార్పిడులు మూడు. ఎవరి డ్రమ్స్ వాళ్ళు, ఎవరి ఆంప్ (యాంప్లిఫయర్) వాళ్ళు తెచ్చుకుంటే మార్పిడికి 25 నిమిషాలు పడుతుంది. ఆరింటికి మొదలుపెడితే ఏ ఆలస్యమూ లేకుండానే 9:55 అవుతుంది. ఒకే డ్రమ్ కిట్, ఒకే బేస్ ఆంప్ అందరూ వాడుకుని, డ్రమ్మర్లు స్నేర్, సింబల్స్, కిక్ పెడల్ మాత్రం తెచ్చుకుంటే మార్పిడి 10 నిమిషాల్లో అయిపోతుంది, 9:10కి ముగుస్తుంది. సౌండ్ చెక్ తిరుగు వరసలో చేయండి: ఆఖరున వాయించే బ్యాండ్ మొదట, మొదట వాయించే బ్యాండ్ ఆఖరున. అప్పుడు కచేరీ మొదలయ్యేసరికి వేదిక మొదటి బ్యాండ్‌కు సిద్ధంగా ఉంటుంది.

16 ఛానళ్ళ మిక్సర్ చాలదు, ఒక్కో మైకుకో వాద్యానికో ఒక ఛానల్ కావాలి. డ్రమ్స్‌కు కిక్, స్నేర్, హై హ్యాట్, మూడు టామ్‌లు, రెండు ఓవర్‌హెడ్‌లు కలిపి 8. బేస్‌కు 1, గిటార్లకు 2, కీబోర్డ్‌కు 2, గొంతులకు 4. ఇప్పటికే 17. శాక్సఫోన్, అకూస్టిక్ గిటార్, యాంకర్ మైకు కలిస్తే 20. బ్యాండ్‌కో సీన్ (ఆ బ్యాండ్ సెట్టింగులన్నీ) సేవ్ చేసుకోగల డిజిటల్ మిక్సర్ అడగండి. ఈ జాబితాను సౌండ్ వాళ్ళకు వారం ముందే పంపండి. చాలామంది పంపరు, చివర్లో కేబుళ్ళు చాలలేదని కేకలేస్తారు.

కరెంటు దగ్గర అసలు అజాగ్రత్త పనికిరాదు. జెనరేటర్ న్యూట్రల్ వదులైతే 230 ఉండాల్సిన చోట వోల్టేజి 400 దాకా ఎగబాకుతుంది, ఆంప్‌లు, కీబోర్డులు క్షణాల్లో కాలిపోతాయి. ఏ ప్లగ్గూ పెట్టకముందు ప్రతి బోర్డులో మల్టీమీటర్‌తో చూడండి, ఎర్తింగ్ కూడా. లైట్లకు ఒక ఫేజ్, వేదిక మీది వాద్యాలకూ మిక్సర్‌కూ కలిపి ఇంకో ఫేజ్. లైట్ల డిమ్మర్‌తో కలిపితే గిటార్లలో ఝుమ్మనే రొద ఆగదు. ఆ రొద ఆపడానికి ప్లగ్గు ఎర్త్ పిన్ను తీసేసేవాళ్ళున్నారు. అది ప్రాణాంతకం. రొద గ్రౌండ్ లూప్ (ఎర్త్ రెండు దారుల్లో కలిసి ఏర్పడే చుట్టు) వల్లయితే డీఐ బాక్స్‌లో (వాద్యాన్ని మిక్సర్‌కు కలిపే చిన్న పెట్టె) గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ వాడితే చాలు. ట్యూబ్ ఆంప్‌ను (వాల్వులతో పనిచేసే గిటార్ ఆంప్) స్పీకర్ క్యాబినెట్ కలపకుండా ఆన్ చేయకండి, లోపలి అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది. హడావుడి మార్పిడిలో ఇదే జరుగుతుంది. 400 సీట్ల హాలుకు 30 వాట్ల ట్యూబ్ ఆంప్ ధారాళంగా సరిపోతుంది. 100 వాట్లది పెడితే గాయకుడికి తన గొంతు వినపడదు, మానిటర్ (వేదిక మీద తనవైపు ఉన్న స్పీకర్) పెంచమంటాడు, పెంచగానే మైకు కీచుమంటుంది.

ఇప్పుడు పాటలు. బ్యాండ్‌కో కళాకారుడిని పంచుకోండి. హెండ్రిక్స్, గన్స్ ఎన్ రోజెస్ పాటల్లో చాలావాటికి గిటార్లు అర స్వరం దించాలి. అవన్నీ ఒకే బ్యాండ్‌కు ఇస్తే మధ్యలో ట్యూనింగ్ మార్చే పని ఉండదు. కీబోర్డ్‌లో శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్ వాడితే ఆ పాట అయ్యాక సున్నాకు తేవడం సెట్ లిస్ట్‌లోనే రాసుకోండి. మరిస్తే తర్వాతి పాట మొదటి నోటే అపస్వరం. డీప్ పర్పుల్ చేయాలంటే హామండ్ ఆర్గన్ శబ్దం కావాలి. వాళ్ళ కీబోర్డ్ వాద్యకారుడు జాన్ లార్డ్ దాన్ని మార్షల్ గిటార్ ఆంప్ ద్వారా వాయించేవాడు, కాబట్టి మీ కీబోర్డ్‌లో ఆర్గన్‌కు కాస్త ఓవర్‌డ్రైవ్ (గరగరలాడే ధ్వని) కలపండి. పింక్ ఫ్లాయిడ్‌కు కోరస్ పాడే అమ్మాయిలు, శాక్సఫోన్ లేకపోతే ఆ జోలికి పోవద్దు. ఈగిల్స్‌కు నలుగురు కలిసి పాడగలగాలి, అది గిటార్ కన్నా కష్టం. లెడ్ జెపెలిన్ గొంతు అందకపోతే ఒక స్వరం దించి పాడండి, అందులో తప్పేమీ లేదు. మధ్యలో తెలుగు పాట అడుగుతారు. ఒకటి సిద్ధంగా ఉంచుకోండి, అది పాడిన వెంటనే విరాళం క్యూఆర్ తెర మీద వేయండి. ఇచ్చే చెయ్యి లేచేది అప్పుడే.

ఆ క్యూఆర్‌ను గంటకోసారి రూపాయి పంపి పరీక్షించండి, ఎవరో పైన వేరేది అంటించే ప్రమాదం ఉంది. సెల్లార్ హాళ్ళలో సిగ్నల్ ఉండదు కాబట్టి తాళం వేసిన హుండీ ఒకటి ఉంచి, ఇద్దరు కలిసి లెక్కపెట్టి సంతకాలు చేయండి. పాత బట్టలు తేవద్దని ముందే చెప్పండి. వాటిని వేరు చేసి పంపడానికే సాయం చేసేవాళ్ళ రోజులు గడిచిపోతాయి.

డబ్బు దేనికి అన్నది కూడా తేల్చుకోవాలి. కచేరీ ఏర్పాటయ్యేసరికి మూడు వారాలు దాటుతుంది, అప్పటికి పులిహోర పొట్లాల అవసరం తీరిపోతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ రోజుల తరబడి నీళ్ళలో ఉన్నప్పుడు, నీళ్ళు తీశాక మిగిలింది పాడైన ఆటోలు, బైకులు, కుట్టు మిషన్లు, పిల్లల పుస్తకాలు. ఆటో ఇంజిన్ బాగుచేయిస్తే ఒక కుటుంబానికి సంపాదన తిరిగొస్తుంది. పోస్టర్ మీద "వరద బాధితులకు" అని వదిలేయకుండా ఫలానా కాలనీలో ఆటోల మరమ్మతుకు అని రాయండి, టికెట్లు కూడా బాగా తెగుతాయి.

కచేరీ అయిన వారంలోపు ఒక పేజీ లెక్క అందరికీ పెట్టండి: అమ్మిన టికెట్లు, హుండీలో వచ్చింది, ఖర్చులు ఎవరు భరించారు, బదిలీ చేసిన మొత్తం, దాని యూటీఆర్ నంబరు (బ్యాంకు బదిలీ గుర్తింపు సంఖ్య). ఆటోలు బాగయ్యాక మెకానిక్ బిల్లుల మొత్తం కూడా అదే పేజీలో చేర్చండి.