రక్తదాన శిబిరం పెడతానన్న చెల్లికి

చెల్లీ,

మావాడిలాగే తలసీమియాతో, ఒంట్లో రక్తం సరిగ్గా తయారుకాని ఆ జబ్బుతో, పోయిన మీ బాబు సంవత్సరీకం నాడు రక్తదాన శిబిరం పెడుతున్నావని, 200 మందిని పోగు చేస్తున్నావని మీ ఆయన ఫోన్లో చెప్పగానే నా కడుపు నిండిపోయింది. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. అందుకే ఇది.

లైసెన్సు ఉన్న బ్లడ్ బ్యాంకుతోనే పెట్టు. ఖాళీ కడుపుతో వచ్చినవాళ్లకు ముందు టిఫిన్ పెట్టు. వయసు, బరువు, హిమోగ్లోబిన్ వాళ్లే చూసుకుంటారు.

ఇక నేను చేసిన తప్పు విను. మావాడు పోయిన ఏడాదికి, జనవరిలో, నేనూ ఇదే చేశా. టెంటు, వాడి ఫొటోతో ఫ్లెక్సీ, భోజనాలు. 140 మంది ఇచ్చారు. "అమ్మా, ఒక్కరోజే ఇన్ని యూనిట్లు వద్దు, విడతలుగా పెట్టుకోండి" అని బ్లడ్ బ్యాంకు వాళ్లు ముందే మొత్తుకున్నారు. వినలేదు. వాడి కోసం ఎంతమంది వచ్చారో ఊరంతా చూడాలనుకున్నా. గుమ్మం దగ్గర అట్టబైండు పుస్తకం పెడితే అందరూ వాడి గురించి రెండు మాటలు రాసి వెళ్లారు.

మేలో కాలేజీలకు సెలవులు, శిబిరాలు లేవు. ఒక ఆదివారం ఆసుపత్రిలో మన తలసీమియా వార్డులో ఉండే ఒక పాప వాళ్లమ్మ ఫోన్ చేసింది, "అక్కా, హిమోగ్లోబిన్ 5కి పడిపోయింది, రక్తం లేదంటున్నారు" అని. ఎర్రకణాలు మహా అయితే 42 రోజులు నిలవుంటాయి, జనవరిలో తీసింది మేలో ఎక్కడిది? ఇచ్చినవాళ్లకు మూడు నెలలు దాటింది కదా, మళ్లీ అడుగుదామని ఆ పుస్తకం తీశా. "బంగారు తండ్రీ", "నీ ఆత్మకు శాంతి కలగాలి"... చివరిదాకా తిప్పినా ఒక్క ఫోన్ నంబరు లేదు, ఒక్క గ్రూపు లేదు. ఆ పాపకు రక్తం దొరికేసరికి నాలుగు రోజులు పట్టింది, అన్ని రోజులూ ఆయాసంతో పడుకోలేక కూర్చునే ఉందట. పుస్తకం ఒళ్లో పెట్టుకుని ఏడ్చా చెల్లీ.

అందుకే 200 మందీ ఒక్కరోజే వద్దు. నెలకు పదిహేను మంది చాలు, వేసవికి ఎక్కువమందిని దాచుకో. పేరు, గ్రూపు, నంబరు, ఇచ్చిన తేదీ రాసుకో. మగవాళ్లకు మూడు నెలలకు, ఆడవాళ్లకు నాలుగు నెలలకు మళ్లీ ఫోన్ చెయ్యి. పెళ్లీడు పిల్లలెవరైనా వస్తే, ఈ జబ్బును పిల్లలకిచ్చే గుణం తమలో ఉందేమో తేల్చే హెచ్‌బీఏ2 పరీక్ష గురించి చెప్పు, మనకెవరూ చెప్పలేదు.

మావాడు 11 ఏళ్లు బతికాడు. మూడు వారాలకోసారి లెక్కేస్తే 190 సంచుల దాకా ఎక్కించారు. ఆ ఇచ్చినవాళ్లలో ఒక్కరి మొహం నాకు తెలియదు. వాళ్లివ్వబట్టే వాడు సైకిల్ నేర్చుకున్నాడు, కాకరకాయ కూర వద్దని నాతో కీచులాడాడు. దేవుణ్ణి తిట్టుకున్న రోజుల్లో కూడా వాళ్లకు దండం పెట్టుకున్నా. ఇప్పుడు రక్తం ఇచ్చేవాళ్లకు ఇలా ఫోన్లు చేస్తున్నప్పుడే, పొద్దున్నే లేవడానికి నాకంటూ ఒక పని దొరికింది.

వార్డుకు మాత్రం ఒక్కదానివే వెళ్లకు. మీవాడి మంచం మీద వేరే పిల్లాడు ఉంటాడు. మొదటిసారి నేను గుమ్మం దగ్గరే కూలబడ్డా, పట్టుకోవడానికి పక్కన ఎవరూ లేరు.

ఆదివారం వస్తున్నా. పుస్తకం నేనే గీతలు గీసి తెస్తా. సరిగ్గా తినడం లేదట, మీ ఆయన చెప్పాడు. ఇద్దరికీ వండు, కలిసి తిని మొదలుపెడదాం.

అక్క