పేరు వెంట కాదు, పొలం వెంట పో

చి. అమ్మడూ,

పెదనాన్న ఆశీస్సులు. వంశవృక్షం నాలుగో తరం దగ్గర ఆగిపోయిందన్నావుగా, నేనూ సరిగ్గా అక్కడే రెండేళ్లు కొట్టుకున్నాను.

తద్దినం నాడు మీ నాన్న చెప్పే మూడు పేర్లు నీకు తెలిసినవే. మా నాన్న వాళ్ల నాన్నకు పెట్టేటప్పుడు రాసుకున్న చీటీ నా దగ్గరుంది, అందులో ఇంకో పేరు పైకి దొరుకుతుంది. ఆ పైన కాగితాలే దిక్కు.

మన ఇంట్లో తాత పేరు మనవడికి పెట్టడం ఆనవాయితీ. అది మరిచిపోయి ఇద్దరు వెంకటరామయ్యల్ని ఒక్కణ్ణి చేశాను. లెక్క వేస్తే ఆయన తొంభయ్యో ఏట కొడుకును కన్నట్టు తేలింది! మీ పెద్దమ్మ ఇప్పటికీ నవ్వుతుంది. అందుకే పేరు కలిసిందని గీత గీసేయకు, పొలం కలిసిందా చూడు. ఇల్లటం అల్లుడు వచ్చిన చోట భూమి అదే ఉంటుంది, ఇంటిపేరు మారిపోతుంది. దత్తత పోయినవాడికైతే గోత్రం కూడా మారుతుంది.

మనకు కాస్త మాన్యం, అంటే పన్ను లేకుండానో తక్కువ పన్నుకో ఇచ్చిన భూమి, ఉండేది కాబట్టి ఆ ఇనాం భూముల రిజిస్టరు అడుగు. 1858లో మద్రాసు ప్రభుత్వం వేసిన ఇనాం కమిషన్ రాయించినవి అవి. మాన్యం ఎవరిచ్చారు, మొదట ఎవరికిచ్చారు, అప్పటికి ఎవరు అనుభవిస్తున్నారు అన్నీ రాశారు. పేరు పక్కన వయసు కూడా. నా వెంకటరామయ్యల చిక్కు విడిపోయింది ఆ గడిలోనే: ‘35’. రిజిస్టరు ఇంగ్లీషులో ఉంటుంది, గొలుసుకట్టు రాత, భూతద్దం పట్టుకెళ్లు. ఫసలీ, అంటే రెవెన్యూ లెక్కల సంవత్సరం, కనబడితే ఇంగ్లీషు ఏడు కోసం 590 కలుపు. ఫసలీ 1271 అంటే 1861-62.

1984లో ఊరి లెక్కలు రాసే కరణాల ఉద్యోగాలు రద్దయ్యాక ఊరి దఫ్తరం కట్టలు చెల్లాచెదురయ్యాయి. ఒక ఆఫీసులో నాకిచ్చిన కట్ట విప్పితే సగం చెదలే. గుమాస్తా మీద అరవకు, టీ తాగించు. మర్నాడు బీరువా వెనకనుంచి ఇంకో కట్ట తీశాడు నాకు.

కైఫియత్తులు, అంటే ఊళ్ల పాత చరిత్రలు, చదువు, కానీ ఆశలు పెట్టుకోకు. కంపెనీ కాలంలో సర్వే అధికారి మెకంజీ దొర మనుషులు ఊరూరా తిరిగి కరణాలు చెప్పింది రాయించినవి అవి. పాత కథల్లోని ముక్కంటి మహారాజు దగ్గర మొదలెట్టి, గుడీ చెరువూ చెప్పి, కరణాల మిరాశీ, అంటే వంశపారంపర్య హక్కు, దగ్గరికొస్తారు. మామూలు రైతు పేరు అరుదు. ఊరి పాత పేరు, శివారు పల్లెల పేర్లు మాత్రం రాసుకో, పాత దస్తావేజుల్లో అవే తగులుతాయి.

మీ అమ్మ వైపు వరంగల్ కదా, అది నిజాం ఏలుబడిలో ఉండేది, అక్కడ సేత్వార్ (సర్వే నంబర్ల పాత రిజిస్టరు), 1954-55 ఖాస్రా పహాణీ (ఏ పొలం ఎవరి సాగులో ఉందో రాసిన రిజిస్టరు) అడగాలి. పాతవి ఉర్దూలో ఉంటాయి, చదివే పెద్దాయనను వెంట తీసుకెళ్లు.

సంక్రాంతికి వచ్చేటప్పుడు మీ నాన్న ట్రంకుపెట్టెలో ఉన్న పంపకాల కాగితం పట్టుకురా. దాని వెనక పెన్సిలుతో ఏదో సర్వే నంబరు రాసుంది, అది మన తూర్పు చేనుదేనా అని నాకు అనుమానం.

మీ పెదనాన్న