నానమ్మ వేలు, ‘ఫీలైంది’ అన్న మాట

చిరంజీవి అమ్మాయికి,

ఒడిశాలోని బరంపురం నుంచి ఆశీస్సులు.

నీ కథ సోమవారం అందింది. ఒకసారి చదివి పక్కన పెట్టాను. రాత్రి మళ్ళీ తీశాను. మూడో పేజీ నన్ను నిద్రపోనివ్వలేదు. మనవరాలి ఒడియా వాచకం నానమ్మ ఒళ్ళో పెట్టుకుంటుంది. ఆవిడకి తెలుగే వచ్చు. ఆ గుండ్రటి అక్షరాల మీద వేలు పెట్టి ఒక్కొక్కదాన్నీ తడుముతుంది. తర్వాత పుస్తకం మూసి, కొంగుతో అట్ట తుడిచి, ఎక్కడ తీసిందో అక్కడే పెట్టేస్తుంది. ఇంత రాసి, ఆ కిందే ‘నానమ్మ చాలా ఫీలైంది’ అని రాశావు.

ఎందుకు రాశావమ్మా ఆ మాట?

పెన్సిల్ తీసి లెక్కపెట్టాను. ఏడు పేజీల కథలో పదకొండు సార్లు వచ్చింది. అమ్మ ఫీలైంది, నాన్న ఫీలవుతాడని దాచారు, పిన్ని ఫీలై వెళ్ళిపోయింది.

ఇంగ్లీషు మాట అని కాదు నా కోపం. బస్సు, టికెట్టు, టెన్షన్ నేనూ రాస్తాను. కానీ ఆ మాట పుట్టింట్లో ఎలా ఉంటుందో చూడు. ఫీల్ అంటే చేత్తో తడిమి తెలుసుకోవడం. టచ్ అనడానికి చెయ్యి తగిలితే చాలు. ఫీల్ అనాలంటే ఆ చెయ్యి ఏదో వెతుకుతూ ఉండాలి. ఇక్కడ పట్టుచీర కొనేవాళ్ళు అంచును రెండు వేళ్ళ మధ్య నలిపి చూస్తారే, అదీ ఫీల్. సెన్స్ అంటే పసిగట్టడం. పర్సీవ్ అంటే గ్రహించడం, అందులో బుద్ధి పని ఎక్కువ. ఇక మనసు సంగతి చెప్పేటప్పుడు ఇంగ్లీషువాళ్ళు ఫీల్ అని ఊరుకోరు, ఎలాగో కూడా చెబుతారు: ఫీల్ కోల్డ్, ఫీల్ హ్యాపీ, ఫీల్ బ్యాడ్. మనసు నొచ్చిందనడానికి హర్ట్ అని వేరే మాటే ఉంది. మనం ఆ బ్యాడ్‌ని దారిలో వదిలేసి ఫీల్‌ని ఒక్కదాన్నే ఇంటికి తెచ్చుకున్నాం. అందుకే ‘వాడు ఫీలయ్యాడు’ అంటే మనకి బాధే.

నీ నానమ్మ ఆ అక్షరాలను నిజంగానే ఫీలైంది, ఆ మాటకున్న మొదటి అర్థంలో, వేలి కొసతో. దాన్ని నువ్వు ‘తడిమింది’ అని చక్కగా చెప్పేశావు కూడా.

ఆకలి వేసింది, చలి వేసింది, సిగ్గు వేసింది, భయం వేసింది అంటాం. ఇక్కడ ఒడియావాళ్ళు ‘మొతే భొకొ లాగుచి’ అంటారు, నాకు ఆకలి తగులుతోంది అన్నట్టు. రెండు భాషల్లోనూ ఆకలే వచ్చి మనిషిని పట్టుకుంటుంది. రెండూ వింటూ పెరిగిన పిల్లవి నువ్వు, ఇది నీ చెవికి తెలియకుండా ఎలా ఉంటుంది?

బాధకి మన దగ్గర ఎన్ని మాటలున్నాయో! అలిగిందంటే బతిమాలేవాళ్ళు ఉన్నారన్న ధీమా ఉంది. ఎవరూ లేని ఇంట్లో ఎవరూ అలగరు. నొచ్చుకుంటే పైకి చెప్పరు, అదీ అయినవాళ్ళ దగ్గరే. చిన్నబోతే ముఖం పట్టిస్తుంది. ఉడుక్కోవడం ఆటపట్టించినప్పుడు. చివుక్కుమనడం ఒక్క క్షణం పని, కుమిలిపోవడానికి ఏళ్ళు పడుతుంది. నీ కథలో పిన్ని అలిగింది. నాన్న నొచ్చుకుంటాడు. ఇద్దరిదీ ఒకే బాధ కాదని నీకు తెలుసు, వాళ్ళు మాట్లాడిన తీరులోనే అది కనిపిస్తోంది. కథ చెప్పే నీ గొంతు దగ్గరికి వచ్చేసరికి అందరికీ ఒకే చొక్కా తొడిగేశావు.

నా తొలి కథలో ‘ఆమె చిన్నబోయింది’ అని రాశాను. ఒక వారపత్రిక సంపాదకుడు దాన్ని కొట్టేసి ‘తీవ్ర మనోవేదనకు గురైంది’ అని అచ్చు వేశాడు. సరిహద్దు ప్రాంతపు తెలుగు మాటలు పాఠకులకు ఎక్కవని ఉత్తరం కూడా రాశాడు. నేను చదివింది ఒడియా బడిలో. తెలుగు మా అమ్మ నోటి నుంచి నేర్చుకున్నాను, చిన్నబోవడం ఆవిడ మాట. ఆ సంచిక ఆవిడకి చదివి వినిపించలేకపోయాను. ఇన్నేళ్ళయినా ఆ సంపాదకుణ్ణి క్షమించలేదు. అప్పుడు మనోవేదన ఫ్యాషన్, ఇప్పుడు ఫీల్ ఫ్యాషన్. ‘కథలో ఫీల్ ఉండాలండీ’ అని ఇప్పటి సంపాదకులు అంటుంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఏ ఫీల్? ఎవరి ఫీల్?

మీ ఊరు పర్లాకిమిడిలోనే గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పారు. కొండల్లో ఉండే సవర గిరిజనులు ఏ మాట ఎక్కడ వాడతారో విని విని నేర్చుకుని, 1931లో వాళ్ళ భాష మీద పుస్తకం తెచ్చారు. 1936 ఏప్రిల్ 1న మీ పర్లాకిమిడి, మా బరంపురం ఒడిశాలోకి వచ్చాయి. అప్పటి నుంచి ఇక్కడి తెలుగు చాలావరకు ఇంట్లో మాటల మీదే నిలబడింది. నీ నానమ్మ నోట్లో ఉన్న మాట నువ్వు రాయకపోతే ఇంకెవరు రాస్తారు?

నువ్వు అడిగిన కలంపేరు సంగతి తర్వాత చూద్దాం. ముందు మూడో పేజీ. మనవరాలి ముందు తనకి చదువు రాదనిపించి నానమ్మ చిన్నబోయిందా? తన భాష తనతోనే ఆగిపోతుందని దిగులు పడిందా? ఈ రెండింటికీ చాలా దూరం ఉంది. నువ్వు తేల్చుకోలేదు కాబట్టే ‘ఫీలైంది’ వచ్చి కూర్చుంది. తేల్చుకో. తేలాక ఆ వాక్యం మొత్తం కొట్టెయ్యి, దాని బదులు ఇంకే మాటా పెట్టకు. కొంగుతో అట్ట తుడిచిన దగ్గర ఆపు.

తిరగరాసి నెలాఖరులోగా పంపు. ఆ తర్వాత నా కంటికి ఆపరేషన్ ఉంది, కొన్నాళ్ళు చదవనివ్వరు.

మీ నానమ్మగారికి నా నమస్కారాలు చెప్పు.