ముత్తాత పతకం గురించి మేనల్లుడికి

హలసూరు, బెంగళూరు

చిరంజీవికి మామయ్య ఆశీస్సులు.

మీ నాయనమ్మ ట్రంకుపెట్టెలో దొరికిందంటూ నువ్వు పంపిన ఫొటోలు చూశాను. దసరాలోపు ఆ వెండి పతకాన్ని తళతళలాడేలా చేయించి అద్దాల బీరువాలో పెడతానన్నావు. దాన్ని మాత్రం తోమించవద్దు. మా తాతగారికి వచ్చిన ఇలాంటి పతకాన్నే చిన్నతనంలో నేను ఏటేటా చింతపండుతో, బూడిదతో తోమి అంచు మీది అక్షరాలన్నీ అరగదీశాను. ఆయన ఏ పటాలంలో పనిచేశారో చెప్పే ఆధారం ఈనాడు మా ఇంట్లో లేదు.

నీ దగ్గరున్నది మొదటి ప్రపంచయుద్ధంలో పనిచేసినవారి కోసం 1919లో నెలకొల్పిన బ్రిటిష్ వార్ మెడల్. ఒకవైపు ఐదవ జార్జి తల, రెండోవైపు డేగ గుర్తున్న డాలును గుర్రంతో తొక్కిస్తున్న నగ్న వీరుడు ఉంటారు. సుమారు 65 లక్షల వెండి పతకాలు ఇచ్చారు కనుక అది అరుదైనదేమీ కాదు. అయితే అంచు మీద సిపాయి నంబరు, హోదా, పేరు, పటాలం అచ్చొత్తి ఉండటం వల్ల ప్రతి పతకమూ ఒక్క మనిషిదే అవుతుంది. కూలీ దళాలలో పనిచేసిన మనవాళ్లకు మాత్రం ఇదే పతకాన్ని కంచుతో చేసి ఇచ్చారు, ఆ తేడా తలచుకుంటే నాకు ఇప్పటికీ మనసుకు కష్టంగా ఉంటుంది.

నీ ఫొటోలలో అంచు కనబడలేదు. పొద్దుటి ఎండ ఏటవాలుగా పడే కిటికీ దగ్గర భూతద్దంతో చూడు. అక్షరాలు ఇంగ్లీషువే అయినా, గుమాస్తాలు మన పేర్లను చెవికి విన్నట్టు రాసుకున్నారు కనుక పైకి చదివితేనే తెలుస్తాయి. మీ ముత్తాత మద్రాస్ పయనీర్లలో ఉండేవారని నాయనమ్మ చెప్పేవారన్నావు. పయనీర్లంటే బాటలు వేస్తూ, కందకాలు తవ్వుతూ, అవసరమైతే తుపాకి పట్టి పోరాడినవారు. అంచు మీద పటాలం పేరులో 61 అన్న అంకె ఉంటే, ఆయనది 61వ పయనీర్ల పటాలం; 1914 నవంబరులో తూర్పు ఆఫ్రికాలోని టాంగా దగ్గర దిగి దెబ్బతిన్న సేనలో ఆ పటాలం ఉంది. ఆయన 1915 ముగిసేలోపే యుద్ధరంగానికి వెళ్లి ఉంటే, కంచు నక్షత్రం ఒకటి, ఇంద్రధనుస్సు రంగుల రిబ్బనున్న విక్టరీ మెడల్ ఒకటి కూడా వచ్చి ఉండాలి. పెట్టె అడుగున మళ్లీ వెతుకు.

మద్రాస్ పయనీర్లను 1933లో రద్దుచేశారు. వారి స్మారక స్తంభం ఇక్కడే బ్రిగేడ్ రోడ్డు, రెసిడెన్సీ రోడ్డు కలిసేచోట ఉంది. పటాలాలు యుద్ధంలో రోజువారీగా రాసుకున్న డైరీలు లండన్‌లో క్యూ అనే చోటున్న బ్రిటిష్ నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి, వాటిలో సిపాయిల పేర్లు అరుదు గానీ ఏ రోజు ఎక్కడున్నారో తెలుస్తుంది.

నారింజ, తెలుపు, నలుపు, నీలం చారల ఆ పాత రిబ్బను చిరిగినా మార్చవద్దు. ప్లాస్టిక్ సంచిలో కాక, ఉతికిన నూలుగుడ్డలో చుట్టి ఉంచు. అంచు మీద ఉన్నది ఉన్నట్టుగా, తప్పులు కూడా దిద్దకుండా, నాకు రాసి పంపు.

మామయ్య